నిద్రతో పందెం

భిలాయిలో క్వార్టరు ఖాళీ చేసే రోజు వస్తే, ఆ సంగతి మనుషులకంటె ముందు గుమ్మంలోని కుక్కకు తెలుస్తుంది. ఇంటి ముందు లారీ నిలుస్తుంది. మంచాలు, బీరువా, చివరకు తులసి కుండీ కూడా అందులోకి ఎక్కుతాయి. ఏళ్ల తరబడి ఆ ఇంటి అన్నం తిన్న కుక్క లారీ వెంట సెక్టరు చివరిదాకా పరుగెత్తి, నిలబడి చూసి, తిరిగి వచ్చి తాళం వేసిన తలుపు ముందు పడుకుంటుంది.

రైలు పట్టాలు చేసే మిల్లులో ముప్పైయారేళ్లు పనిచేసి విరమించిన ఒక తెలుగు ఉద్యోగి ఈ దృశ్యాన్ని ఎన్నోసార్లు చూశాడు. తన ఇంటి ముందు మాత్రం అది జరగరాదని దంపతులిద్దరూ నిశ్చయించుకున్నారు. మోతీ, కాలూ అనే రెండు కుక్కలూ తమతోపాటు బొబ్బిలి దగ్గరి స్వగ్రామానికి రావలసిందే. పాత జీపు, దాని వెనుక తగిలించిన రెండు చక్రాల ట్రైలరు, దానిలో టార్పాలిన్ కప్పిన సామాను, జీపు వెనుక భాగంలో పాత దుప్పటి మీద కుక్కలు. ఇదీ ఏర్పాటు.

రాయపూర్ నుంచి విజయనగరం వరకు ఒకప్పుడు 43వ నంబరు జాతీయ రహదారిగా పిలువబడిన దారి పొడవు సుమారు 550 కి.మీ. ధమ్‌తరి, కాంకేర్, కేశ్‌కాల్, జగదల్‌పూర్, కోరాపుట్ దాటి, సాలూరు వద్ద తెలుగు నేల మీదికి దిగుతుంది. రాత్రి ఏడు గంటలకు బయలుదేరి ఏకబిగిన నడిపితే మరునాటి ఉదయానికి ఇంట్లో ఉండవచ్చునని ఆయన లెక్క. భార్య సందేహించింది. “ఏమండీ, తెల్లవారుజామునుంచి సామాను సర్దుతూనే ఉన్నారు. ఒక కునుకైనా తీయలేదు” అన్నది. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

ఆ నవ్వుకు కారణం లేకపోలేదు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భిలాయిలో తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఇటువంటి కొలిమి ఒకసారి వెలిగితే రాత్రి పగలు ఆగదు. దానితోపాటు మనిషీ వంతులవారీగా మేలుకొని ఉండవలసిందే. యౌవనమంతా రాత్రి షిఫ్టులలో గడిపిన వ్యక్తికి నిద్ర తన చెప్పుచేతలలో ఉన్నదని అనిపించడంలో వింత లేదు. అయితే మిల్లులో చప్పుడున్నది, వెలుతురున్నది, పక్కన పదిమంది మనుషులున్నారు. చీకటి రోడ్డు మీద వీటిలో ఏదీ లేదు. ఒకే మోతలో ఇంజను, ఒకే తీరున కదిలే తెల్లగీత, అంతే.

ధమ్‌తరి దాటాక మోతీ వాంతి చేసుకున్నది. బండి ఆపి, దుప్పటి మార్చి మళ్లీ సాగారు. కాంకేర్ దాటిన కొంతసేపటికి అది మూలగడం మొదలుపెట్టింది. ఆయన విసుక్కుంటూ బండిని పక్కకు తీశాడు. కుక్కను దించి, చీకట్లో నిలబడి, “వెనకటి ఊరు ఏది?” అని తనను తాను ప్రశ్నించుకున్నాడు. జవాబు తోచలేదు. కాంకేర్ దీపాలు గుర్తున్నాయి. ఆ తరువాత ఊళ్లు, వంతెనలు, ఎదురు వచ్చిన బండ్లు ఏవీ జ్ఞాపకం లేవు. కళ్లు తెరిచే ఉన్నాయి, చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి, మనిషి మాత్రం లేడు. అప్పుడాయనకు ఒళ్లు జలదరించింది.

ఈ స్థితిని శాస్త్రజ్ఞులు బాగా ఎరుగుదురు. అలసిన మెదడు కొన్ని క్షణాలపాటు తనంత తానే నిద్రలోకి జారుతుంది. గంటకు 50 కి.మీ. వేగంతో పోయే బండి నాలుగు క్షణాలలో 55 మీటర్లు వెళుతుంది. పదిహేడు గంటలు మేలుకొని ఉన్న మనిషి నేర్పు, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం చేరిన మనిషి నేర్పుతో సమానమని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపారు. మన దేశంలో వాహనం నడిపేవారికి చట్టం విధించిన హద్దు 30 మిల్లీగ్రాములు. చుక్క ముట్టని మనిషి కూడా నిద్రలేమితో ఆ హద్దు దాటగలడన్నమాట.

కేశ్‌కాల్ ఘాటుకు ముందు ఒక ఢాబా వద్ద ఇనుము మోసుకుపోయే ట్రైలర్లు వరుసగా నిలిచి ఉన్నాయి. అక్కడ జీపు ఆగింది. తెలుగు మాట విని ఒక డ్రైవరు పలకరించాడు. సంగతి విని, “నిద్రతో పందెం కట్టకూడదు బాబూ, ఓడినట్టే ఉండి గెలుస్తుంది” అన్నాడు. ముందు టీ తాగి, వెంటనే పడుకోమన్నాడు. ఆ సలహాలో శాస్త్రమున్నది: టీలోని కెఫీన్ పనిచేయడానికి సుమారు అరగంట పడుతుంది, ఈలోగా తీసిన చిన్న కునుకు వృథా పోదు. కాని ఆ రాత్రి ఆయనకు కావలసింది కునుకు కాదు, నిద్ర. నులకమంచం మీద తెల్లవారేదాకా ఒళ్లు తెలియకుండా పడుకున్నాడు. మంచం కింద కుక్కలూ పడుకున్నాయి.

మరునాడు ప్రయాణపు తాళం మారింది. ఘాటు మలుపులు ఎక్కుతూ, డ్రైవర్లు తప్పక ఆగే తేలిన్ మాత గుడి వద్ద వారూ ఆగారు. ఆ దణ్ణంలో భక్తితోపాటు కాస్త విశ్రాంతీ ఉన్నది. ఎడతెగక అయిదు గంటలకు మించి పని చేయించరాదని, ఆ తరువాత కనీసం అరగంట విరామం ఇవ్వాలని 1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టం నిర్దేశించింది. సొంత బండి నడిపేవాడికి అటువంటి యజమాని లేడు, మేస్త్రీ లేడు. ఆ కొరతను కుక్కలు తీర్చాయి. రెండు గంటలకొకసారి అవి దిగవలసిందే. తలుపు తీయకముందే గొలుసు వేయడం, కొద్దికొద్దిగా నీళ్లు పెట్టడం, బయలుదేరే ముందు కడుపు నిండా తిండి పెట్టకపోవడం భార్య నేర్చుకున్నది. పాదాలలో తప్ప చెమట పట్టని ఆ జీవాలు రొప్పడం ద్వారానే ఒళ్లు చల్లబరచుకుంటాయి. కనుక ఎండలో మూసిన బండిలో వాటిని విడిచి కదలలేదు. వాటిని నడిపిస్తూ ఆయనా నడిచాడు.

సాయంకాలానికి కోరాపుట్ చేరారు. ఇల్లు ఇంక ఎంతో దూరం లేదు. ప్రమాదం అక్కడే ఉన్నది. 1960లో చార్లీ అనే కుక్కతో అమెరికా అంతా చుట్టివచ్చిన రచయిత జాన్ స్టైన్‌బెక్, చివరకు సొంత ఊరైన న్యూయార్కులో దారి తప్పినట్టు తన యాత్రాగ్రంథంలో రాశాడు. ఇల్లు చేరువైనకొద్దీ మనసు ముందే వెళ్లిపోయి, అలసిన ఒంటిని బండిలో ఒంటరిగా వదిలేస్తుంది కాబోలు. సాలూరు వైపు దిగే ఘాటులో ట్రైలరు బరువు వెనుకనుంచి తోస్తుంది. చిన్న గేరు, నిండు మెలకువ కావాలి. “పొద్దున్నే దిగుదాం” అన్నాడాయన, ఎవరూ అడగకుండానే.

ఒక రాత్రి అనుకున్న ప్రయాణం మూడోనాటి మధ్యాహ్నానికి ముగిసింది. ఆలస్యమెందుకైందని బంధువులు అడిగారు. “కుక్కలు అలిసిపోయాయి” అన్నాడాయన. భార్య ఆయన ముఖం వంక చూసింది. కాస్త ఆగి, “నేనూ అలిసిపోయాను” అన్నాడు. ముప్పైయారేళ్లలో ఆయన నోట ఆ మాట ఆమె వినడం అదే మొదటిసారి.

సామాను దించకుండానే ఆయన వేపచెట్టు కింద నడుము వాల్చాడు. ట్రైలరు నీడన మోతీ, కాలూ అప్పటికే నిద్రపోతున్నాయి.