జీడిపిక్కల డబ్బులు, రెండు సెక్స్‌టెంట్లు

మాది సీతంపేట వైపు సవర ఊరు. శ్రీకాకుళంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. డిగ్రీ అయ్యాక ఓడ ఎక్కాలని ఉంది. డెక్ ఆఫీసర్ అవ్వాలంటే జీపీఎస్ ఉన్న ఈ రోజుల్లో కూడా సూర్యుణ్ని, చుక్కల్ని కొలిచి ఓడ ఎక్కడుందో చెప్పడం రావాలి. ఆ కోణం కొలిచేదే సెక్స్‌టెంట్.

అయ్య జీడిపిక్కలు అమ్మి పంపిన డబ్బుల్లో 1,800 పెట్టి ఆన్‌లైన్లో ఒకటి కొన్నాను. తళతళలాడే ఇత్తడి, చెక్కపెట్టె. సున్నా దగ్గర పెట్టి దూరంగా ఉన్న సెల్ టవర్ని చూస్తే రెండు టవర్లు కనపడ్డాయి. సరిచేద్దామంటే అద్దాల వెనక మరలే లేవు. అది షోకేసులో పెట్టుకునే బొమ్మట! వారం రోజులు ఎవరికీ చెప్పలేదు.

రెండోది ప్లాస్టిక్‌ది. నా రూమ్మేట్‌ది ఉద్దానం, వాళ్ల మామయ్య ఓడల్లో చేసి రిటైరయ్యారు. ఆయన వాడినది 2,500కి ఇచ్చారు. చూడ్డానికి ఆటవస్తువే, కానీ మరలు తిప్పితే రెండు టవర్లు ఒకటయ్యాయి. అన్నలూ, పాతది కొంటే ముందు ఇది చూడండి. అద్దం వెనక కళాయి పోయిందా, మరలు తిరుగుతున్నాయా అన్నవి తర్వాత.

ప్లాస్టిక్ ఎండకి సాగుతుంది, అందుకే చూసిన ప్రతిసారీ సున్నా సరిచూసుకోవాలి. చేయి లాగి ఎత్తకూడదు, ఫ్రేమే పట్టుకోవాలి. ఉప్పుగాలి తగిలితే మంచినీళ్ల తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. లోహపుదైతే గీతలున్న చోట పాలిష్ రుద్దొద్దు, గీతలే పోతాయి.

కనుమ నాడు ఊర్లో కొలిచాను. కొండల్లో సముద్రపు గీత ఎక్కడిది? పళ్లెంలో నల్లటి పాత ఇంజనాయిల్ పోసి, అందులో కనపడే సూర్యుడి మీదకి పైసూర్యుణ్ని దించాలి. వచ్చిన కోణంలో సగమే అసలు ఎత్తు. 120 డిగ్రీలు దాటితే ఇది కొలవలేదు, కాబట్టి మన దగ్గర ఎండాకాలం మధ్యాహ్నం కుదరదు. రెండు వైపులా నల్ల అద్దాలు వేయకుండా చూస్తే కళ్లు పోతాయి, జాగ్రత్త.

నాకు 100 దాటి వచ్చింది, సగం చేస్తే 50 చిల్లర. పంచాంగం లెక్క కలిపితే అక్షాంశం 18 చిల్లర. ఫోన్‌తో పోలిస్తే 8 నిమిషాలు తేడా. అంటే మా ఊరిని దగ్గర దగ్గర 15 కిలోమీటర్లు జరిపేశాను!

అయ్య వచ్చి, పిక్కల డబ్బులన్నీ అద్దాలకేనా అని సవరలో అడిగాడు. అప్పుడే ఇత్తడిదాని సంగతి కూడా చెప్పేశాను. ఏమీ అనలేదు. సెక్స్‌టెంట్ తీసుకుని కన్ను పెట్టాడు. చాలాసేపు చూసి, పళ్లెం ఇంకొంచెం చాటుకి జరపరా, గాలికి నూనె కదుల్తోంది అన్నాడు.