కితాబు పతా

మన ఇళ్లల్లో ఉర్దూ మాట్లాడే నోళ్లు ఇంకా ఉన్నాయి. ఉర్దూ చదివే కళ్లే తగ్గిపోతున్నాయి. మా అమ్మీ చదువు అలిఫ్, బే తో మొదలైంది. మా పిల్లల చదువు అఆలతో, ఏబీసీడీలతో మొదలైంది. రోజీరోటీ అటే ఉన్నప్పుడు ఎవరినీ తప్పు పట్టలేం. కానీ ఈ ఒక్క తరంలోనే పెద్ద ఖజానాకి తాళం పడిపోయింది.

ఎంత పెద్ద ఖజానా అంటారా? 1918లో హైదరాబాదులో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మీడియంతో మొదలైంది. పాఠాలకు కితాబులు కావాలి కనుక అంతకు ఏడాది ముందే దారుల్ తర్జుమా పెట్టారు. సైన్సు, లెక్కలు, కానూను, చరిత్ర అన్నీ ఉర్దూలోకి వచ్చాయి. చాలా ఏళ్ల తర్వాత మన చిత్తూరు జిల్లాలో పుట్టిన రాజ్ రెడ్డి గారు ముందుండి నడిపిన మిలియన్ బుక్ ప్రాజెక్టులో పాత ఉర్దూ, తెలుగు కితాబులు ఎన్నో స్కాన్ అయ్యాయి. వాటిలో బోలెడు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. ముఫ్త్‌గా చదువుకోవచ్చు.

కడపలో మా మొహల్లా కుతుబ్‌ఖానా రెండు అల్మారాలంత. మా భాంజీ సాఫ్ట్‌వేర్ చదివింది. దానికి ఒక ఖయాల్ వచ్చింది. "ఖాలా, మన దగ్గర లేని కితాబు అడిగితే లేదని పంపేయడం ఎందుకు? ఆర్కైవ్‌లో ఉంటే అక్కడికే దారి చూపిద్దాం" అంది. కంప్యూటర్‌లో కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ పెట్టింది. అది 2000లో న్యూజిలాండ్‌లో ఒక చిన్న లైబ్రరీ కోసం పుట్టింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. మావోరీ భాషలో కోహా అంటే కానుక, మన హదియా లాంటి మాట.

పని ఎలా జరుగుతుందో అదే నాకు విడమరిచి చెప్పింది. ఆర్కైవ్‌కు ఏపీఐ అనే కిటికీ ఉంది. మన ప్రోగ్రాం ఆ కిటికీ దగ్గర నిలబడి, ఫలానా పేరు గల కితాబు ఉందా అని అడుగుతుంది. ఉంటే పేరు, ముసన్నిఫ్, సంవత్సరం, గుర్తింపు నంబరు జవాబుగా వస్తాయి. కితాబు రాదు, కితాబు పతా వస్తుంది. లైబ్రరీ రికార్డులో ప్రతి సంగతికీ ఒక నంబరు గడి ఉంటుంది. 245లో అసలు పేరు, 246లో మారు పేర్లు, 856లో ఇంటర్నెట్ పతా. ఆ 856 నిండితే చాలు, మన కుర్రాడు ఒక్క నొక్కుతో పేజీ తెరుస్తాడు.

మెషీన్ పని అయిదారు రోజుల్లో అయిపోయింది. అసలు ముష్కిల్ పేర్ల దగ్గర వచ్చింది. స్కాన్ అయిన ఉర్దూ కితాబుల పేర్లు చాలావరకు ఇంగ్లిషు అక్షరాల్లో ఉన్నాయి. తారీఖ్ అనే ఒక్క మాటలో ఒకరు ఐ పెట్టారు, ఒకరు ఈ రెండుసార్లు పెట్టారు. ఇజాఫత్‌ను కొందరు విడిగా రాశారు, కొందరు కలిపేశారు. ఉర్దూ లిపిలో రాసినచోట ఇంకో చిక్కు. ఉర్దూ యే, అరబీ యే పదం మధ్యలో చూడ్డానికి ఒకటే. కంప్యూటర్‌కు మాత్రం రెండూ వేర్వేరు హరఫులు. కాఫ్ సంగతీ అంతే. ఈ హరఫులను కలిపి చూడమని ప్రోగ్రాంకు నేర్పొచ్చు. తప్పు రాసిన పేరు వెనక అసలు పేరేమిటో ఎవరు నేర్పాలి?

అందుకు మా మొహల్లాలో మిగిలింది ఒక్క చాచా. ఉర్దూ మాస్టారుగా రిటైరై, ఎనభై దాటారు. కళ్లల్లో శుక్లాలు. అసర్ తర్వాత భాంజీ స్క్రీన్ మీది పేరు చదువుతుంది, ఆయన కళ్లు మూసుకుని వింటారు. కాసేపటికి అసలు పేరు చెప్తారు, ముసన్నిఫ్ ఎవరో చెప్తారు, ఒక్కోసారి అది ఏ మజ్మూన్ మీద రాసిందో కూడా. నేను తెలుగులో రాసుకుంటాను. "నామ్ గలత్ లిఖ్ దియే తో కితాబ్ గుమ్ హోగయీ సమఝో బేటా" అన్నారు ఒకరోజు. రోజుకు పది పదిహేను పేర్ల కంటే ముందుకు సాగదు. ఆయన అలిసిపోతారు.

ఉర్దూ ఒక్కదాని ఫికర్ అనుకోకండి. తెలుగులో మనం ఖురాన్ అంటాం, ఖుర్ఆన్ అంటాం, పాతవాళ్లు కొరాను అన్నారు. చిలుకూరి నారాయణరావు గారి తెలుగు తర్జుమా కోసం మన పిల్ల ఒక రకంగా టైపు చేసి, రికార్డులో ఇంకో రకంగా ఉంటే, మెషీన్ లేదనే చెప్తుంది. నమాజ్, నమాజు కూడా దానికి రెండు మాటలే. 246వ గడి ఉన్నది ఇందుకే. అన్ని రూపాలూ అందులో పెట్టాలి.

కనుక నాదొక గుజారిష్. మీ ఇంట్లో అటక మీద ఉర్దూ కితాబులుంటే దించండి. చదవగలిగిన దాదీయో నానాయో ఉంటే పక్కన కూర్చోండి. ఒక నోట్‌బుక్‌లో ప్రతి కితాబు పేరు మూడు లిపుల్లో రాయండి: ఉర్దూలో, తెలుగులో, ఇంగ్లిషులో. ముసన్నిఫ్ పేరు, అచ్చయిన ఊరు, సంవత్సరం చేర్చండి. కంప్యూటర్‌కు ఎక్కించే పిల్లలు మన ఇళ్లల్లో చాలామంది ఉన్నారు. పేర్లు చెప్పేవాళ్లే తక్కువ. మా చాచాకు వచ్చే నెల కంటి ఆపరేషన్. అంతవరకూ మేం ఆపడం లేదు.