మున్నీ నఖ్రాలు

మున్నీ గిన్నె కాడికి వచ్చి, వాసన చూసి, ముందరి పంజాతో నేల గీకింది. మట్టి కప్పెడుతున్నట్టు. హైదరాబాద్ నుంచి తెప్పించిన గుర్దేల బీమారీ డబ్బా ఖానా అది. అమ్మీ నవ్వింది. "బేగం సాహెబాకు పసంద్ రాలే!" నాకు నవ్వు రాలేదు.

మున్నీకి పదమూడేండ్లు. ఎండకాలం మొదట్ల తెగ నీళ్లు తాగుతుంటే నల్లగొండ ఎండలకనుకున్నం. వజూ లోటాల కూడా మూతి పెట్టేది. అబ్బా ఉన్నప్పుడు ఆ నీళ్లు పారబోయనిచ్చేటోడు కాదు. అబూ ఖతాదా (రజి) తన వజూ పాత్రను పిల్లి తాగేటందుకు వంచిండని, పిల్లి నాపాక్ కాదు, మీ చుట్టూ తిరిగే వాటిల్లోదేనని హుజూర్ (స) అన్నరని హదీసు చెప్పేటోడు. బక్కచిక్కినంక తీస్కపోయి ఖూన్ పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 4 దాటింది. గుర్దేలు సగానికి పైగా ఖరాబైనంక గానీ ఈ బీమారీ బయటపడదట.

ఫాస్ఫరస్ తగ్గించాలన్నడు డాక్టర్. అంటే బకరీద్ కలేజీ బంద్, బొక్కల యఖ్నీ బంద్. అన్నీ మేం ముహబ్బత్‌తోని పెట్టినవే. సాలన్ల ముక్క కడిగి పెట్టినా వద్దట. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ పిల్లుల ఖూన్‌ను పాడు చేస్తయి.

ఆకలైతే అదే తింటదని రెండు రోజులు జిద్దు చేసిన. డబ్బా తప్ప ఇంకేం పెట్టలే. తినలే. రెండో రాత్రి అమ్మీ అన్నది: "పిల్లిని కట్టేసి ఆకలితో చంపిన ఔరత్ దోజఖ్‌ల పడ్డదని చదివినవ్ గదా. తాడు లేదు, గంతే ఫరక్."

ఆ మాట నాకు నిద్ర పట్టనియ్యలే. తెల్లారి ఫోన్ చేస్తే డాక్టర్ కూడా కోప్పడ్డడు. పిల్లి రోజుల తరబడి పస్తుంటే కలేజీకి కొవ్వు పట్టి, గుర్దేల కన్న ముందు అదే జాన్ తీస్తదట. ఏదో ఒకటి ముందు తిననియ్యమన్నడు. డబ్బా సంగతి మెల్లగ చూద్దామన్నడు.

ఇప్పుడు బొక్కల్లేని కోడి ముక్కను ఉప్పెయ్యకుండ ఉడికించి, గోరువెచ్చగ నలిపి, వేలికొసంత డబ్బా ఖానా కలుపుతున్న. చల్లగుంటే వాసన రాదు, దగ్గరికే రాదు. గోలీ మాత్రం అందుల కలపం. ఒక్కసారి చేదు తగిలితే ఆ ఖానా వైపే చూడదు. గిన్నె కూడా దానికి పసంద్ లేదు, అమ్మీ అరచేతిల పెడితేనే నాకుతది.

అమ్మీ రెండో చేత్తో తస్బీ పట్టుకుని ఎన్ని సార్లు నాకిందో లెక్క పెడుతది. నిన్న ఇషా తర్వాత పదకొండు. ఇయ్యాల ఫజర్‌కు ఏడు.