మూడు రోజుల డబ్బా

ఎలక్ట్రానిక్ సిటీ పక్కన మా వఠారంలో చంటిపిల్లలకి విరేచనాలు పట్టుకుంటే అందరి నోటా ఒకటే మాట, "పళ్ళొస్తున్నాయిలే" అని. ఇంకొకరు దిష్టి అంటారు. మా చెల్లెలి కొడుక్కి పదకొండో నెలలో పట్టుకున్నప్పుడూ అదే అన్నారు. వారం గడిచింది, పది రోజులయింది. జ్వరం లేదు, రక్తం లేదు. జిడ్డుగా, భరించలేని వాసనతో రోజుకి అయిదారుసార్లు. బిడ్డ బుగ్గలు పీక్కుపోయాయి.

మా అమ్మ మాత్రం ఓఆర్‌ఎస్ ఆపనివ్వలేదు. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ప్యాకెట్టంతా ఒకేసారి కలిపి, చెంచాతో పట్టేది. చనుబాలూ మాన్పించలేదు. డాక్టరమ్మ 14 రోజులకి జింకు రాసి, "రెండు వారాలు దాటినా తగ్గకపోతే మోషన్ టెస్టు చేయించాల్సిందే" అంది.

తగ్గలేదు. రెండుసార్లు చేయించినా ఏమీ లేదన్నారు. "ఇంక డబ్బులు దండగ" అన్నాడు మరిది. అప్పుడు డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. పేగులో చేరే జియార్డియా అనే పరాన్నజీవి రోజూ మలంలో పడదు. ఒకరోజు కనిపిస్తుంది, ఒకరోజు కనిపించదు. అందుకే వేరు వేరు రోజుల్లో మూడుసార్లు చూడాలి. డబ్బా పొడిగా ఉండాలి, ఉచ్చ కలవకూడదు. నీళ్ళ విరేచనమైతే గంటలోపు ల్యాబుకి చేరాలి. ఆలస్యమైతే కదిలే పురుగు చచ్చిపోయి మైక్రోస్కోపులో దొరకదు.

చెప్పడానికేం, తేలికే! ఫ్యాక్టరీ బస్సు ఆరున్నరకి. ల్యాబు తెరిచేది ఎనిమిదికి. ఒక్కరోజు మానితే ఆ రోజు కూలితో పాటు హాజరు బోనసూ పోతుంది. చెల్లెలు అప్పటికే రెండు సెలవులు పెట్టేసింది. మూడో డబ్బా పట్టుకెళ్ళింది నైట్ డ్యూటీ దిగొచ్చిన పక్కింటి సెక్యూరిటీ అన్న. అందులోనే జియార్డియా దొరికింది. మందు పడ్డాక బిడ్డ మళ్ళీ అన్నం ముద్దకి నోరు తెరిచాడు.

ఇంకో సంగతి కూడా తెలుసుకున్నాను. క్రిప్టోస్పోరిడియం అనేది మామూలు టెస్టులో తేలిగ్గా దొరకదు. ప్రత్యేకమైన రంగు వేసి చూడాలి, అప్పుడు ఎర్రగా కనబడుతుంది. డాక్టరు చీటీలో రాస్తేనే సాధారణంగా ల్యాబువాళ్ళు ఆ రంగు వేస్తారు. కోల్‌కతాతో కలిపి ఆఫ్రికా, ఆసియాల్లో ఏడు చోట్ల చేసి 2013లో ప్రకటించిన పెద్ద అధ్యయనంలో, పసిపిల్లల తీవ్ర విరేచనాలకి ముఖ్య కారణాల్లో ఇదొకటని తేలింది. ట్యాంకరు నీళ్ళలో క్లోరిన్ కలిపినా ఇది చావదు, నీళ్ళు మరగాల్సిందే.

మలంలో రక్తం పడితే అమీబా మాత్రలు మీరే కొనెయ్యకండి. చిన్నపిల్లల్లో అది ఎక్కువగా షిగెల్లా అనే బాక్టీరియా వల్ల వస్తుంది, దాని మందు వేరు. అదే రోజు డాక్టరుకి చూపించండి. కళ్ళు లోతుకుపోయినా, బిడ్డ తాగలేకపోయినా గంట కూడా ఆగొద్దు.

మా వఠారంలో ఇప్పుడొక ఏర్పాటుంది. ఏ ఇంట్లో బిడ్డకి టెస్టు రాసినా, ఆ పొద్దున షిఫ్టు లేనివాళ్ళు డబ్బా పట్టుకెళ్తారు. మీ లైనులోనూ ఎవరికెప్పుడు తీరికో ఒకసారి మాట్లాడి పెట్టుకోండి.