గాలి పనిముట్టు – పనివాని చెయ్యి

పశువుల సంతకు వెళ్ళిన రైతు గొడ్డు ధర అడగడానికి ముందు దాని పళ్ళు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. ధర ప్రసక్తి ఆ తర్వాతనే. పాత పనిముట్లు కొనేవారిలో చాలామంది ఈ క్రమాన్ని తలక్రిందులు చేస్తారు. ముందు ధర విని ముచ్చటపడి, పళ్ళు చూడడం ఇంటికి వచ్చాక మొదలుపెడతారు. గాలితో నడిచే పనిముట్ల విషయంలో ఈ తొందరపాటుకు చెల్లించవలసిన మూల్యం మరింత ఎక్కువ. అది ఎటువంటి మూల్యమో, ఎవరు చెల్లిస్తారో మా అనుభవంలోని కొన్ని సంగతుల ద్వారా పాఠక మిత్రులకు మనవి చేయదలచాము.

సంపీడిత వాయువును పనికి నియోగించడం కొత్త విద్య కాదు. ఫ్రాన్సు, ఇటలీల నడుమ ఆల్ప్స్ పర్వతాల క్రింద త్రవ్విన ఫ్రెజుస్ సొరంగంలో 1861లో సొమ్మెయ్యే అనే ఇంజనీరు గాలి డ్రిల్లులను ప్రవేశపెట్టారు. ఆ సొరంగం 1871లో ప్రారంభమయింది. మన దేశంలో 1958లో పుణేలో కిర్లోస్కర్ న్యూమాటిక్, 1960లో కోయంబత్తూరులో ఎల్జీ సంస్థలు ఆవిర్భవించాయి. గాలి పనిముట్టుకు కొన్ని సహజ సుగుణాలున్నాయి. భారానికి తట్టుకోలేక ఆగిపోయినా దాని మోటారు కాలిపోదు. తడి చోట వాడినా షాకు కొట్టదు. అంతే శక్తిగల విద్యుత్ పరికరం కంటె తేలికగా ఉంటుంది. అయితే పనిముట్టు కొన వద్ద ఒక అశ్వశక్తి కావాలంటే కంప్రెసరు మోటారు వద్ద ఏడెనిమిది అశ్వశక్తులు వెచ్చించాలి. గాలి ఉచితమే కాని, సంపీడితమైన గాలి కార్ఖానాలో ఖరీదైన సరకులలో ఒకటి.

కొత్త పనిముట్టు కొనే స్తోమత లేని చిన్న షెడ్డుల యజమానులు పాతవాటి కోసం వెతకడం సహజం. ఢిల్లీలోని మాయాపురి, గుజరాత్‌లోని అలంగ్, బంగ్లాదేశ్‌లో చట్టోగ్రామ్ సమీపాన సీతాకుండ తీరం ఇందుకు పేరుపడిన చోట్లు. ప్రభుత్వరంగ సంస్థలు పనికిరావని తీర్మానించిన సామగ్రి కూడ ఎం.ఎస్.టి.సి. వేలాల ద్వారా ఇటువంటి బజార్లకు చేరుతుంటుంది.

2016 జనవరిలో ఇటువంటి బజారును దగ్గరగా చూసే అవకాశం మాకు కలిగింది. అప్పుడు మేము పశ్చిమ తీరంలోని యూనిట్‌లో పనిచేస్తున్నాము. మా వద్ద ఇరవై ఏళ్ళకు పైగా ఫిట్టరుగా పనిచేసి స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్న శ్రీకాకుళం జిల్లా వాసి ఒకరు భావనగర్ శివార్లలో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు పెట్టుకుంటూ, పనిముట్ల ఎంపికకు తోడు రమ్మని కోరారు. ఒక ఆదివారం ఉదయం అలంగ్ బయలుదేరాము. భావనగర్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ తీరంలో 1983 నుండి నౌకలను విడగొడుతున్నారు. ఖంభాత్ సింధుశాఖలో ఆటుపోట్ల ఎత్తు ఎక్కువ కనుక, పోటు సమయంలో ఓడను ఒడ్డుకెక్కించి, నీరు తగ్గాక ముక్కలు చేస్తారు. ఓడలోని మంచాలు, పింగాణీ మొదలు పంపులు, పనిముట్ల వరకు రోడ్డు ప్రక్క దుకాణాలలో అమ్మకానికి వస్తాయి. ఓడల మీద తుప్పు గీకే పని నిత్యం ఉంటుంది కనుక గాలి పనిముట్లకు అక్కడ కొదవలేదు.

నడిపి చూడడానికి దుకాణంలో కంప్రెసరు లేదు. అయినా కన్ను, వేలు చెప్పే సాక్ష్యం తక్కువేమీ కాదు. ఇంపాక్ట్ రెంచి చదరపు ముక్కు అంచులు గుండ్రబడితే అది బోలెడు చాకిరీ చేసినట్లు లెక్క. స్పిండిలును చేతితో తిప్పినపుడు ఇసుక నలిగినట్లు అనిపిస్తే బేరింగు పోయినట్లే. గాలి ప్రవేశించే చోట జాలీ తీసి చూస్తే ఎఱ్ఱని తుప్పు కనబడిందంటే, లోపలి సిలిండరు పరిస్థితి విప్పకుండానే తెలుస్తుంది. మరల సంగతి కూడ గమనించాలి. మన పైపులకు సాధారణంగా బి.ఎస్.పి. మరలుంటాయి. అమెరికన్ పద్ధతిలో చేసిన పనిముట్లకు ఎన్.పి.టి. మరలుంటాయి. పావు అంగుళం కొలతలో మొదటిదానికి అంగుళానికి 19 చుట్లు, రెండవదానికి 18. బలవంతంగా బిగిస్తే పట్టినట్లే ఉంటుంది, మరలు చెడి గాలి కారుతుంది.

గ్రైండరు విషయంలో రాజీకి తావు లేదు. దాని పేరుపలక మీద వేగం స్పష్టంగా కనబడాలి. 180 మిల్లీమీటర్ల చక్రం నిమిషానికి 8,500 సార్లు తిరిగితే దాని అంచు వేగం సెకనుకు 80 మీటర్లు. ఇటువంటి చేతి గ్రైండర్లకు వాడే బలపరచిన చక్రాలకు సాధారణంగా అనుమతించే గరిష్ఠ వేగం అదే. లోపలి గవర్నరు పట్టేసినా, ఎవరైనా దానిని తొలగించినా వేగం హద్దు దాటుతుంది, చక్రం పగిలి ముక్కలు చిమ్ముతాయి. పేరుపలక లేని గ్రైండరును ఊరికే ఇచ్చినా తీసుకోరాదు. పలక ఉన్నదానినైనా చక్రం బిగించే ముందు, పనిచేసే పీడనం వద్ద టాకోమీటరుతో వేగం కొలిచి తీరాలి.

ఒక రెంచి, ఒక డ్రిల్లు ఏరిన తర్వాత మా ఫిట్టరుగారి చూపు చిప్పింగ్ హ్యామరు మీద పడింది. చేతిలోకి తీసుకుని ఆప్యాయంగా నిమిరారు.

“మన షాపులోదీ ఇదే రకం సార్. కళ్ళు మూసుకుని విప్పి బిగించగలను” అన్నారు.

చలిగాలి వీస్తున్నది. ఆయన ఎడమచేతి రెండు వేళ్ళ కొనలు సున్నం పూసినట్లు తెల్లగా ఉండడం అప్పుడు కనిపించింది. ఉలిని పట్టి నడిపించే చెయ్యి అది. చలికాలపు ఉదయాలలో టీ గ్లాసు పట్టుకుంటే గాని స్పర్శ తెలియదని ఆయనే చెప్పారు.

ఆ తెలుపు వైద్యశాస్త్రానికి పరిచితమైనదే. 1918లో డాక్టరు ఆలిస్ హామిల్టన్ అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో బెడ్‌ఫర్డ్ ప్రాంతపు సున్నపురాతి పనివారిని పరీక్షించి, గాలిసుత్తి కంపనానికీ వేళ్ళు తెల్లబడడానికీ గల సంబంధాన్ని వివరించారు. ఎడతెగని కంపనం వల్ల వేళ్ళలోని సన్నని రక్తనాళాలు, నరాలు దెబ్బతింటాయి. ముదిరిన తర్వాత పూర్తిగా నయం కావడం కష్టం.

“దీన్ని ఎవరు వాడతారు?” అని అడిగాము.

“మా మేనల్లుడు సార్. ఇరవై రెండేళ్ళ కుర్రాడు. నా చేతులు ఇంక దీనికి పనికిరావు కదా” అని నవ్వారు. ఆ నవ్వు అంతలోనే ఆగిపోయింది. కొంతసేపు హ్యామరును అటూ ఇటూ త్రిప్పి చూసి, మారుమాట లేకుండా బల్ల మీద పెట్టేశారు. దుకాణదారు ధర సగానికి దించినా తిరిగి చూడలేదు.

ఆ నిర్ణయంలోని వివేకాన్ని లెక్క కూడ సమర్థిస్తుంది. 2002 నాటి యూరపు సంఘపు నిర్దేశం ప్రకారం చేతికి సోకే కంపనం ఎనిమిది గంటల సగటున సెకను వర్గానికి 5 మీటర్లు దాటరాదు, 2.5 దాటితేనే నివారణ చర్యలు చేపట్టాలి. పనిముట్టు కంపనం 10 ఉంటే రెండు గంటలలోను, 20 ఉంటే అరగంటలోను ఆ రోజు పరిమితి నిండిపోతుంది. కంపనాన్ని అణచే ఏర్పాటు లేని పాత హ్యామర్లలో ఇటువంటి అంకెలు అరుదు కావు. కొన్ని నెలల తర్వాత ఫిట్టరుగారు కంపనం తగ్గించే పిడిగల కొత్త హ్యామరును వాయిదాలపై కొన్నారు. మామా అల్లుళ్ళు ఇద్దరూ దానిని ఎక్కువసేపు పట్టుకోకుండా వంతులు పెట్టుకున్నారు.

కొన్న పాత రెంచికి, డ్రిల్లుకు ముందుగా శుద్ధి జరగాలి. విప్పి, భాగాలను కిరోసిన్‌తో కడిగి, గాలి మోటారులోని వేన్లు అరిగితే, అంచులు విరిగితే సెట్టు మొత్తం మార్చాలి. ఒక్క వేను మార్చడం మిగిలినవాటికి మేలు చేయదు. నూనె వి.జి. 32 తరగతి పలుచని గాలి పనిముట్ల నూనె కావాలి. చిక్కని ఇంజను ఆయిలు వేన్లను గాళ్ళలో అంటుకుపోయేటట్లు చేస్తుంది. లూబ్రికేటరు లేనిచోట పని మొదలుపెట్టే ముందు, ముగించిన తర్వాత నాలుగు చుక్కలు వేసి కొద్ది క్షణాలు ఆడించాలి. ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్లు, నూనె దగ్గర పొదుపు తగదు.

పనిముట్టుకు అసలు శత్రువు నీరు. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ గల రోజున నిమిషానికి 100 ఘనపుటడుగుల కంప్రెసరు పూర్తి భారంతో 7 బార్ల పీడనానికి ఎనిమిది గంటలు నడిస్తే, గాలి తిరిగి చల్లబడేసరికి సుమారు 27 లీటర్ల నీరు బయటపడుతుంది. ట్యాంకు అడుగు కాక్ త్రిప్పి దానిని ప్రతిదినం వదలకపోతే ఆ నీరు పనిముట్టులోకే వెళుతుంది. పైపులలో కారుదలలు కూడ ముఖ్యమే. 7 బార్ల వద్ద మూడు మిల్లీమీటర్ల రంధ్రం నిమిషానికి సుమారు 25 ఘనపుటడుగుల గాలిని హరిస్తుంది. సబ్బునీటి బ్రష్షు ఒకటి చాలు, దానిని పట్టుకోవడానికి.

ఇక చివరిగా, మన సంస్థల వారికి ఒక విన్నపం. పాత పనిముట్లను కొనేవారికే కాక, అమ్మేవారికీ బాధ్యత ఉన్నది. గవర్నరు చెడిన గ్రైండరును, చేతులను కబళించే హ్యామరును మనం ఎందుకు వద్దనుకున్నామో కండెమ్నేషన్ నోటులో రాసుకుంటాము. వేలం తర్వాత ఆ నోటు ఫైలులో ఉండిపోతుంది, పనిముట్టు మాత్రం వైద్యుడు, సేఫ్టీ ఆఫీసరు లేని ఏదో ఒక షెడ్డుకు చేరి, ఎవరో ఒక కుర్రవాని చేతిలో మళ్ళీ మోగుతుంది. బాగుచేసి వాడదగినవి వాడదగినట్లుగానే అమ్ముదాము. ప్రమాదకరమైనవాటిని లాటులో చేర్చడానికి ముందు ముక్కలు చేసి, ఇనుముగానే తూకానికి వేద్దాము. వేలంలో నాలుగు రూపాయలు తగ్గవచ్చును. కంపేరిటివ్ స్టేట్‌మెంటులో పనివాని వేళ్ళకు గడి ఉండదు కనుక, ఆ లెక్క మనమే వేసుకోవాలి.