సాక్ష్యమా, వాక్యమా?

అమ్మమ్మ చనిపోయి ఏడాది నిండినప్పుడు ఊళ్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. గుంటూరు జిల్లాలో మా పల్లెలో ఉన్న చిన్న గుడి. రెండురోజుల ముందు అయ్యగారు ఇంటికొచ్చి కార్యక్రమం రాసుకున్నారు. ప్రార్థన, కీర్తన, బైబిలు పఠనం, మళ్లీ కీర్తన. "మా అమ్మాయి కూడా మాట్లాడుతుందండీ" అంది అమ్మ. ఆయన సంతోషంగానే తలూపారు. "తప్పకుండా అమ్మా. అమ్మాయి సాక్ష్యం చెబుతుంది, వాక్యం నేను చెబుతాను" అన్నారు. నా పేరు పక్కన అయిదు నిమిషాలు అని రాశారు. ఆయన పేరు పక్కన ఏమీ రాసుకోలేదు. వాక్యానికి గడియారం ఉండదు.

క్రైస్తవ కూడికలు అలవాటు లేనివాళ్లకు ఈ రెండు మాటల తేడా చెప్పాలి. సాక్ష్యం అంటే దేవుడు నా బతుకులో ఏం చేశాడో నేను చెప్పుకోవడం. జబ్బు నయమవడం, పిల్లాడికి ఉద్యోగం రావడం, తాగే భర్త మారడం. ఎవరైనా చెప్పొచ్చు. ఎక్కువగా ఆడవాళ్లే చెబుతారు. వాక్యం అంటే బైబిల్లో ఒక భాగం తీసుకుని దాని అర్థం విప్పి చెప్పడం. సాక్ష్యం కింద మైకు దగ్గర నిలబడి చెబుతారు. వాక్యం పుల్పిట్ వెనక నుంచి వస్తుంది. ఒకదానికి అనుభవం ఉంటే చాలు, రెండోదానికి అధికారం కావాలి.

అన్ని సంఘాలూ ఒకేలా లేవు. సి.ఎస్.ఐ.లో స్త్రీలకు గురువులుగా అభిషేకం ఇవ్వడం 1970లలోనే మొదలైంది. 2013లో ఎగ్గోని పుష్పలలిత నంద్యాల అధ్యక్ష మండలానికి బిషప్ అయ్యారు. ఆ సంఘంలో బిషప్ అయిన మొదటి స్త్రీ ఆమే. అంటే తలుపు తెరుచుకోలేదని అనలేం. కానీ రాజ్యాంగం మారినంత తొందరగా అలవాటు మారదు. మా గుడిలో ముప్పై ఏళ్లుగా స్త్రీల సమాజం నడిపిస్తున్న మా అమ్మ ఆ పుల్పిట్‌ని ప్రతి శనివారం తుడుస్తుంది. ఒక్క ఆదివారం కూడా దాని వెనక నిలబడలేదు.

అమ్మమ్మ బైబిలు స్త్రీ. ఊళ్లో వాళ్లకి "బైబిలమ్మ". 1857లో లండన్‌లో ఎలెన్ రాన్యార్డ్ పేదవాడల్లో బైబిళ్లు అమ్మడానికి, చదివి వినిపించడానికి ఆ వాడల స్త్రీలనే నియమించడంతో ఈ పద్ధతి మొదలైంది. తర్వాత మిషన్లతో పాటు మన దేశానికీ వచ్చింది. తెలుగు నేల మీద ఈ స్త్రీల పని గురించి జేమ్స్ ఎలీషా తానేటి ఇంగ్లీషులో రాసిన పుస్తకం 2013లో వెలువడింది. అది చదివేదాకా అమ్మమ్మ చేసినదానికి ఒక చరిత్ర ఉందని నాకు తెలియదు. తర్వాత పరిశోధన కోసం కొన్ని పాత మిషన్ నివేదికలు చూశాను. దొరల పేర్లున్నాయి, దొరసానుల పేర్లున్నాయి, గురువుల పేర్లూ చాలావరకు ఉన్నాయి. బైబిలు స్త్రీలు మాత్రం ఎక్కువచోట్ల అంకెలుగానే కనిపించారు.

ఆ అంకెల్లో ఒకటైన మా అమ్మమ్మ బోర్డింగ్ బడిలో అయిదో తరగతి దాకా చదివింది. తెల్లచీర, గొడుగు, భుజాన సంచి. సంచిలో బైబిలు, కీర్తనల పుస్తకం, బొమ్మల చుట్ట. రోజుకో ఊరు నడిచేది. చేసిన పనంతా మత ప్రచారమేనా అంటే కాదు. ఆడవాళ్లకి ఉత్తరాలు చదివి పెట్టేది, జవాబులు రాసి పెట్టేది. కాన్పు కష్టమైన వాళ్లని బండెక్కించి గుంటూరు కుగ్లర్ ఆసుపత్రికి తీసుకుపోయేది. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ చొరవతో 1898లో మొదలైన ఆసుపత్రి అది. అక్కడ వార్డులో రాత్రంతా కూర్చునేది. ఎంతమందికి అక్షరాలు నేర్పిందో లెక్కలేదు. నేర్పింది చదవడం కోసం, చదవడం బైబిలు కోసం. కానీ అక్షరం వచ్చిన మనిషి బైబిలు దగ్గరే ఆగదు కదా. మా అమ్మ టీచరు కావడానికీ, నేను సాహిత్యంలో డాక్టరేట్ చేయడానికీ దారి ఆ సంచిలోంచే వచ్చింది.

నా చిన్నప్పుడు గుడి ముందు తెరకట్టి 'కరుణామయుడు' సినిమా వేసేవాళ్లు. భీమ్‌సింగ్ దర్శకత్వంలో, విజయచందర్ క్రీస్తుగా 1978లో వచ్చిన సినిమా. ఊరి నుంచి కూడా జనం వచ్చి దూరంగా కూర్చునేవాళ్లు. రీలు మార్చేటప్పుడు చీకట్లో ఆడవాళ్లు అమ్మమ్మ చుట్టూ చేరేవాళ్లు. "ఆమె ఎవురు బైబిలమ్మా? ఎందుకు ఏడుస్తుంది?" అని అడిగేవాళ్లు. సినిమాలో లేనిది కూడా కలిపి అమ్మమ్మ చెప్పేది. లైటు వెలగగానే మైకు పట్టుకుని అయ్యగారు వాక్యం మొదలుపెట్టేవారు. చీకట్లో జరిగింది కూడా వాక్యమేనని ఇప్పుడనిపిస్తుంది.

అమ్మమ్మకి ఇష్టమైన కథ యోహాను సువార్త నాలుగో అధ్యాయంలో ఉంది. మధ్యాహ్నం వేళ యేసు అలసిపోయి బావి దగ్గర కూర్చుంటాడు. నీళ్లకొచ్చిన సమరయ స్త్రీని తాగడానికి నీళ్లిమ్మంటాడు. యూదులు సమరయులతో పొత్తు పెట్టుకోరు. నువ్వు నన్నెలా అడుగుతున్నావని ఆమె ఆశ్చర్యపోతుంది. ఆమెకు అయిదుగురు భర్తలు ఉండేవారని, ఇప్పుడున్నవాడు భర్త కాదని యేసు చెబుతాడు. ఈ కథ మీద నేను విన్న ప్రసంగాలన్నీ ఒకటే. ఆమె చెడిపోయిన మనిషి, సిగ్గుపడి ఎవరూ లేని మధ్యాహ్నం నీళ్లకొచ్చింది, యేసు ఆమె పాపం బయటపెట్టాడు. కథలో పాపం అనే మాటే లేదు. సిగ్గుపడిందనీ లేదు.

అమ్మమ్మ అనేది: "అయిదుగురూ చచ్చారో, వదిలేసి పోయారో రాయలా. ఆయనే అడగలా. మధ్యలో ఈళ్లకెందుకంట?"

భర్తల మాట వచ్చాక ఆ స్త్రీ, ఆరాధన ఈ కొండ మీదనా యెరూషలేములోనా అని అడుగుతుంది. పాపం సంగతి రాగానే మాట మార్చిందని ప్రసంగీకులు అంటారు. "పెద్ద మనిషి దొరికాడు, గుడి సంగతి అడిగింది. అది తెలివి గాదా?" అనేది అమ్మమ్మ. ఆ తర్వాత నన్ను ప్రశ్న వేసేది. "కడవ ఆడే వదిలేసి ఊళ్లోకి పోయింది గదా. ఎందుకు వదిలేసింది చెప్పు?" పాత జీవితాన్ని వదిలేయడానికి గుర్తు అని సండే స్కూల్లో నేర్చుకున్న జవాబు చెప్పేదాన్ని. నవ్వేది. "ఆయన దగ్గర చేద లేదు. బావి లోతు. దప్పికని అడిగాడు. ఈమె ఇచ్చిందో లేదో రాయలా. కడవ ఆడ పెట్టి పోయిందంటే తాగమనే గదా. అది మన కడవమ్మాయ్. ఎవురూ ముట్టుకోని కడవ."

ఊరి బావి దగ్గర కడవ పెట్టి, ఎవరైనా తోడి పోసేదాకా పక్కన నిలబడ్డ చిన్నతనం అమ్మమ్మది. ఆ నిలబడటంలోంచి వచ్చిన అర్థం అది. అయిదుగురు భర్తల చుట్టూ తిరిగిన ప్రసంగాలేవీ ఆ కడవని చూడలేదు.

కూడిక రోజున నేను ఈ కడవ సంగతే చెప్పాను. నా కష్టాలూ చెప్పలేదు, ఏడవనూ లేదు. అమ్మమ్మ ఆ భాగాన్ని ఎలా చదివిందో చెప్పి, ఆ చదువు ఎందుకు సరైనదో మూలం చూపించాను. వెనక చాపల మీద కూర్చున్న ముసలమ్మలు తలలూపారు. తర్వాత అయ్యగారు ముప్పావుగంట వాక్యం చెప్పారు. మధ్యలో, "ఇక్కడ ఒక మర్మం చూడండి, ఆమె కడవ ఎందుకు విడిచిపెట్టింది?" అంటూ అమ్మమ్మ మాటనే చెప్పారు. అమ్మమ్మ పేరు రాలేదు. దురుద్దేశంతో చేశారని నేననుకోను. పది నిమిషాల కింద అది సాక్ష్యం, ఇప్పుడు వాక్యమైంది, అంతే. చివర్లో నా దగ్గరికొచ్చి, "అమ్మాయి సాక్ష్యం అందరికీ కన్నీళ్లు తెప్పించింది" అన్నారు.

ఈ మాట నాకు కొత్త కాదు. ఒక సెమినార్‌లో పత్రం చదివి కూర్చున్నాక అధ్యక్ష స్థానంలో ఉన్న పెద్దాయన, "చాలా ఆర్ద్రమైన అనుభవం. సిద్ధాంతం సంగతి తర్వాత చూసుకోవచ్చు" అన్నారు. దళిత స్త్రీలు రాసినదాన్ని మన విమర్శ ఎలా అందుకుంటుందో చూడండి. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీల సాహిత్యాన్ని ఒకచోట చేర్చింది. అలాంటి రచనల గురించి మాట్లాడినప్పుడల్లా నిజాయితీ, వేదన, అనుభవం అనే మూడు మాటలే వినిపిస్తాయి. వాళ్లు లోకాన్ని వ్యాఖ్యానిస్తున్నారని ఎవరూ అనరు. పండిత రమాబాయి సంగతీ అంతే. మామూలు స్త్రీలకు అర్థమయ్యే మరాఠీలో బైబిలు మొత్తాన్ని ఆమె అనువదించింది. 1922లో ఆమె చనిపోయాక, 1924లో అది పుస్తకంగా వచ్చింది. వితంతువులకు ఆశ్రయమిచ్చిన మనిషిగా, మతం మారిన మనిషిగా ఆమె జీవితం అందరికీ తెలుసు. ఆమె చేసిన బైబిలు గురించి ఎందరు మాట్లాడతారు?

ఆ రాత్రి హైదరాబాద్ బస్సులో ఇదంతా తలుచుకుని కోపంతో కుతకుతలాడాను. ఇల్లు చేరాక సిద్ధాంత గ్రంథం తీశాను. స్త్రీల జీవితకథనాల మీద చేసిన పరిశోధన అది. అయ్యగారికి చూపించడానికో, నాకు నేను చూపించుకోవడానికో, అమ్మమ్మ మాట ఎక్కడ రాశానా అని వెతికాను. అది అనుబంధంలో ఉంది. "సమాచారదాత 4, వృద్ధురాలు, బైబిలు స్త్రీ." కడవ సంగతి పూర్తిగా ఉంది, ఇంటర్వ్యూ ముడిసరుకుగా. అసలు అధ్యాయంలో బైబిలును స్త్రీలు ఎలా చదివారో చెప్పడానికి ఎలిజబెత్ షూస్లర్ ఫియొరెంజాని తీసుకున్నాను, పేజీ నంబర్లతో సహా. 1983లో వచ్చిన ఆమె పుస్తకం 'ఇన్ మెమరీ ఆఫ్ హర్' ఏ స్త్రీ గురించి మొదలవుతుందో నాకు బాగా తెలుసు. యేసు తల మీద అత్తరు పోసిన స్త్రీ. లోకమంతటా ఆమెను జ్ఞాపకం చేసుకుంటారని యేసు అన్నాడు. మార్కు సువార్తలో ఆమె పేరు లేదు. ఈ సంగతి మీద నేను పేజీన్నర రాసి, మా అమ్మమ్మకి నాలుగో నంబరు ఇచ్చాను.

అయ్యగారు అయిదు నిమిషాలైనా ఇచ్చారు. నేను అనుబంధం ఇచ్చాను. వ్యక్తుల గోప్యత, పరిశోధన పద్ధతి అని సమాధానాలు ఉన్నాయి, నిజమే. కానీ పేరు పెట్టనా వద్దా అని నేను అమ్మమ్మని అడగనేలేదు. సాక్ష్యం ఆమెది, వాక్యం నాది అని నేనూ విభజించుకున్నాను.

రోమా పత్రిక చివరి అధ్యాయంలో ఫీబే అనే స్త్రీ వస్తుంది. ఆమెను వర్ణించడానికి గ్రీకులో 'దియాకొనోస్' అనే మాట వాడారు. కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిలు ఫిలిప్పీ పత్రికలో అదే మాటని సంఘంలో హోదాగా అనువదించి, ఫీబే దగ్గరికి వచ్చేసరికి సేవకురాలు అంది. మన తెలుగు బైబిలు అక్కడ పరిచారకులు అంది, ఇక్కడ పరిచారకురాలు అంది. ఒకే మాట. మన భాష చేసిన న్యాయం మన గుడీ చేయలేదు, మన విశ్వవిద్యాలయమూ చేయలేదు.

సిద్ధాంత గ్రంథాన్ని ఇప్పుడు పుస్తకంగా తయారుచేస్తున్నాను. కడవ అనుబంధంలోంచి అధ్యాయంలోకి వచ్చింది, అమ్మమ్మ ఇంటిపేరుతో, పేరుతో, ఫియొరెంజా పక్కన. ఈ మాట అమ్మకి ఫోన్లో చెబితే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నువ్వు పుస్తకంలో మార్చుకున్నావు. నేను గుళ్లో ఏం మార్చేది?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఈస్టరుకి ఊరెళ్లాను. మా వైపు ఆ రోజు తెల్లవారకముందే కొవ్వొత్తులతో సమాధుల తోటకి వెళతారు. సున్నం కొట్టిన సమాధుల మీద పూలు పెడతారు. సమాధి ఖాళీగా ఉందని మొదట చెప్పింది స్త్రీలేననీ, అపొస్తలులకి ఆ మాటలు పిచ్చిమాటల్లా తోచాయనీ లూకా రాశాడు. అయ్యగారు ఇంకా రాలేదు. అమ్మమ్మ సమాధి దగ్గర పదిహేనుమంది ఆడవాళ్లం ఉన్నాం. అమ్మ బైబిలు తెరిచి ఆ భాగం చదివింది. చదివి మూసేస్తుందనుకున్నాను. మూయలేదు. "వాళ్లు ఎందుకు నమ్మలేదో చూద్దాం" అని మొదలుపెట్టింది. నేను కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డాను.