మణికట్టుకు తెలిసిన పనులు

ఆషాఢ పౌర్ణమి వస్తే మన పెందుర్తి నుంచి ఎంతమంది సింహాచలం అప్పన్న గిరిప్రదక్షిణకి బయల్దేరతారో మీకు చెప్పక్కర్లేదు. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడిచి, మర్నాడు కాళ్లు పట్టించుకుంటూ ఒకటే మాట: "నా ఫోన్లో ఇన్ని అడుగులు పడ్డాయి, నీకెన్ని?"

కళ్లు లేని ఫోనుకి మీరు నడిచారో, మధ్యలో ఆటో ఎక్కారో ఎలా తెలుస్తుందండీ? లోపల యాక్సిలరోమీటర్ అని ఓ చిన్న చిప్ ఉంటుంది. మూడు దిక్కుల్లో వచ్చే ఊపుని సెకనుకి 50 సార్లో, 100 సార్లో రాసుకుంటుంది. నడకకో లయ, ఆటో కుదుపుకో తీరు. ఏ తీరుకి ఏ పేరో కంప్యూటర్‌కి నేర్పడమే అసలు కష్టం. 2012లో బయటికొచ్చిన ఒక పేరున్న సేకరణలో 30 మంది నడుముకి ఫోను కట్టి, వీడియో తీసి, దాన్ని చూస్తూ పేర్లు రాశారు. అంతా చేసి ఆరే పనులు: నడక, మెట్లెక్కడం, దిగడం, కూర్చోవడం, నిలబడడం, పడుకోవడం.

బ్రిటన్‌లో యూకే బయోబ్యాంక్ అనే ఆరోగ్య పరిశోధన కోసం 2013-15 మధ్య సుమారు లక్షమంది వారంపాటు మణికట్టుకి ఈ చిప్ ఉన్న గడియారంలాంటి పట్టీ కట్టుకున్నారు. అంటే ఏడు లక్షల రోజుల కదలికలు! వాటికి పేర్లు రాసేదెవరు? ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు రాయించనేలేదు. కాస్త రికార్డు తీసుకుని వెనక నుంచి ముందుకి తిప్పేసి, "ఇది తిప్పిందా, తిన్ననిదా?" అని యంత్రాన్నే అడిగారు. ముక్కలు తారుమారు చేసి అడిగారు. సాగదీసి, కుదించి అడిగారు. మార్చింది తామే కనక జవాబు ముందే తెలుసు, ఇంకెవరూ చెప్పక్కర్లేదు. మాటలు రాని పసిబిడ్డ ఇంట్లోవాళ్ల మాటతీరు పట్టేసినట్టు, ఆ పరీక్షల్లోనే యంత్రానికి మనిషి కదలిక పట్టుబడింది. ఆపైన పేర్లు రాసిన నమూనాలు కొన్ని చూపిస్తే సరిపోయింది. ఆ పని 2024లో అచ్చయింది. నాకైతే ఎంత ముచ్చటేసిందో!

అయితే ఆ మణికట్లన్నీ బ్రిటన్‌వి. మన చుట్టుపక్కల పల్లెల్లో వంగి ఊడుపులు ఊడ్చే చేయి అందులో లేదు. బండమీద బట్టలు బాదే చేయి లేదు. తలమీద తట్టని పట్టుకుని నడిచే మనిషి కాళ్లు కదులుతాయి గానీ, పట్టుకున్న చేయి ఊగదు కదా! పొద్దున్నించి మడిలో నడుం వంచిన ఆడమనిషిని గడియారం "కదల్లేదు" అని రాస్తే, దాన్ని చూసి డాక్టరు "కాస్త నడవమ్మా" అంటే ఎంత అన్యాయం!

ఆ అన్యాయాన్ని దిద్దే వీలుండడమే ఈ పద్ధతిలో నాకు నచ్చింది. పేర్లు రాయించే ఖర్చు తక్కువ కనక మన ఊళ్లలోనూ చేయొచ్చు. ఇష్టపడ్డవాళ్లు కొన్నాళ్లు కట్టుకుంటే, పేర్లు కొద్దిసేపటికి రాసుకున్నా పని మొదలవుతుంది. ఎప్పుడు నిద్రపోయారో కూడా చెప్పే రికార్డు కాబట్టి, అది ఎవరికివ్వాలన్నది మాత్రం కట్టుకున్నవాళ్ల ఇష్టమే కావాలి. నన్నడిగితే మొదటి పట్టీ ఊడుపుల ఆడవాళ్ల చేతికే కట్టాలి. బురదకి, నీళ్లకి ఆగే పట్టీ కావాలి సుమండీ!